పేరు పెట్టి నిలదీసే పాట: లింగాల సంగీతంలో ప్రేమభంగం, నమ్మకద్రోహం

అందరికీ నమస్కారం.

కాంగోలో మాట్లాడే లింగాల భాష పాటల్లో ప్రేమ చెడినవాళ్లు తలుపేసుకుని ఏడవరు. పంచాయితీ పెడతారు. వదిలేసిన మనిషి పేరు నలుగురిలో చెబుతారు. ఏమేం ఇచ్చారో లెక్క తీస్తారు. ఏమని మాటిచ్చావో గుర్తుందా అని అడుగుతారు. స్నేహితుల్నీ అత్తవారినీ సాక్ష్యానికి పిలుస్తారు. అదంతా అయ్యాక పాట ఊపందుకుంటుంది, వింటున్నవాళ్లు లేచి ఆడతారు. మనదాకా చేరింది ఈ ఆట ముక్కే. అందుకే కాంగో పాట అనగానే హుషారు పాట అనుకుంటాం. ఈరోజు నేను మాట్లాడేది ఆ ఆటకు ముందు జరిగే నిలదీత గురించి. అది ఎలా కడతారు, ఎలా వినాలి, ఎక్కడ పొరబడతాం అన్నది చూద్దాం.

ముందు ఊరి సంగతి. కాంగో నదికి అటూ ఇటూ రెండు దేశాలు, ఎదురెదురుగా రెండు రాజధానులు: కిన్షాసా, బ్రాజవిల్. ఈ సంగీతం రెండు ఊళ్లదీ. 2021 డిసెంబరులో యునెస్కో కాంగో రుంబా అనే ఈ సంగీతాన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కూడా రెండు దేశాల పేరు మీదే చేర్చింది. లింగాల నది వెంట వ్యాపారంలో పెరిగిన భాష, తర్వాత సైన్యం భాష అయింది. కిన్షాసా ఉన్న పెద్ద కాంగోలో ఫ్రెంచి అధికార భాష. లింగాల, స్వాహిలి, కికాంగో, చిలూబా నాలుగూ జాతీయ భాషలు. వేరు వేరు తెగల నుంచి వచ్చి కిన్షాసాలో స్థిరపడ్డవాళ్లకి ఇంట్లో ఏ భాష ఉన్నా వీధిలో లింగాల. ప్రేమ వ్యవహారం కూడా ఈ భాషలోనే నడిచేది, ఎందుకంటే ఇద్దరివీ ఒకే తెగ కాకపోవచ్చు. తూర్పు ఆఫ్రికాలో ఈ సంగీతం పేరే లింగాల. నైరోబీలోనో దారెస్సలామ్‌లోనో ఉద్యోగం చేసి వచ్చిన మనవాళ్లు బస్సుల్లో విని ఉంటారు. అక్కడి శ్రోతల్లో చాలామందికి కూడా మాటలు అర్థం కావు, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

చరిత్ర త్వరగా దాటేస్తాను. కిన్షాసా అప్పటికి లియోపోల్డ్‌విల్, బెల్జియం పాలనలో ఉంది. 1948లో అక్కడ గ్రీకు వ్యాపారి నికొలాస్ జెరోనిమిడిస్ న్గోమా అనే రికార్డు కంపెనీ పెట్టాడు. ఆ ఏడాదే ఆ కంపెనీకి వెండో కొలొసొయ్, గిటార్ మీద ఆన్రి బోవానే కలిసి చేసిన పాట 'మారీ-లూయిజ్'. ఒక అమ్మాయిని పేరు పెట్టి పిలిచే పాట. అర్ధరాత్రి ఆ పాట వేస్తే చచ్చినవాళ్లు లేస్తారని ఊళ్లో పుకారు పుట్టింది, చర్చివాళ్లకి కోపం వచ్చింది. పుకారు సంగతి ఎలా ఉన్నా, అమ్మాయి పేరే పాట పేరు కావడం అన్న అలవాటు మాత్రం ఈరోజుకీ పోలేదు. తర్వాత 1953లో గాయకుడు జోసెఫ్ కబసెలే ఆఫ్రికన్ జాజ్ అనే బ్యాండ్ పెట్టాడు, 1956లో గిటారిస్టు ఫ్రాంకో, అతని మిత్రులు ఓకే జాజ్ పెట్టారు. వీటి నుంచి రెండు పాఠశాలలు వచ్చాయి. కబసెలే వైపు, అతని దగ్గర పెరిగిన టాబు లే రోషెరో వైపు, పాట నాజూగ్గా ఉంటుంది. ఫ్రాంకో వైపు పాట నోరు గట్టిది. నిష్ఠూరం వినాలంటే ఫ్రాంకో దగ్గరికి పోవాలి, వేదన వినాలంటే రోషెరో దగ్గరికి. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు కిన్షాసాలో సగం మంది ఉంటారు.

ఇక పాట కట్టుబడి.

ఎక్కువ పాటల్లో రెండు అంతస్తులు. కింద నెమ్మదిగా నడిచే రుంబా భాగం, అక్కడ కథ జరుగుతుంది. పైన సెబెన్, అంటే గిటార్లు తిరిగి తిరిగి ఒకే పలుకు వాయిస్తూ వేగం పెంచే ఆట భాగం. పాత 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు మూడు నిమిషాలే పట్టేది. అంతలోనే కథా ఆటా రెండూ సర్దాలి కాబట్టి 1950ల పాటల్లో ఫిర్యాదు నాలుగు మాటల్లో అయిపోతుంది. 45 ఆర్‌పీఎం వచ్చాక ఒక పాటని రెండు వైపులకూ పంచారు. చాలాసార్లు మొదటి వైపు కథ, రెండో వైపు ఆట. పొడుగు పాటలు పట్టే ఎల్‌పీ రికార్డులు స్థిరపడ్డ 1980లకి వచ్చేసరికి ఒక్కో పాట 8 నుంచి 15 నిమిషాలు సాగింది. అప్పుడు కవికి తీరిక దొరికింది. మొగుడి జీతం, మరదలి మాట, అద్దె ఇల్లు, అమ్ముకున్న సామాను, అన్నీ పాటలోకి వచ్చాయి.

తాళం సులువు, ఇప్పుడే వేసి చూడండి. ఆదితాళం 8 అక్షరాలు ఒక్కోదాన్ని రెండు చేస్తే 16 మాత్రలు. 1, 4, 7, 11, 13 మీద చప్పట్లు కొట్టండి.

(సభ చప్పట్లు కొట్టింది.)

చాలామంది మూడో దెబ్బ 7 మీద కాకుండా 8 మీద వేస్తున్నారు. మన చెవి సరి సంఖ్య వైపు లాగుతుంది. 4 నుంచి 7కి మూడు మాత్రలే, అక్కడ తొందరపడాలి. మళ్లీ వేయండి. ఆ, ఇదీ. ఇది క్యూబా నుంచి రికార్డుల మీద తిరిగి ఆఫ్రికా చేరిన తాళం. తర్వాతి కాలపు వేగం పాటల్లో చివరి దెబ్బ 13 నుంచి 12కి జరిగింది. 11, 12 పక్కపక్కనే పడతాయి. ఆ ఒక్క మాత్ర తేడాతోనే నడక పరుగవుతుంది.

గిటార్లు కనీసం మూడు, బేస్ కాక. ఒకటి కింది స్వరాల మీద తోడు వాయిస్తుంది. ఒకటి పైన సోలో. రెంటి మధ్య మి-సోలో అనే మూడోది, తోడుకీ సోలోకీ నడుమ అల్లిక వేస్తుంది. కొందరు ఈ మధ్య గిటార్‌కి నాలుగో తీగ తీసేసి దాని చోట సన్న తీగ కట్టి ఒక స్థాయి పైకి శృతి చేస్తారు. అందుకే ఆ గిటార్ గలగలమంటుంది. ఫ్రాంకో మాత్రం బొటనవేలు, చూపుడువేలు పెట్టి రెండు తీగల్ని ఒకేసారి గిల్లేవాడు. ఇంట్లో గిటార్ ఉన్నవాళ్లు ప్రయత్నిస్తే మొదట చెడేది ఇక్కడే: అన్ని తీగలూ కలిపి మీటేస్తారు. ఈ సంగీతంలో అలా కలిపి మీటడం తక్కువ. ఒక్కో గిటార్ రెండు మూడు స్వరాలే పలుకుతుంది, ఖాళీలు మిగతా గిటార్లకి వదిలేస్తుంది. ఒకే గిటార్ మీద అంతా వాయించాలని చూస్తే బురద అవుతుంది.

ఇంకో సంగతి, మన చెవికి అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఇదే. ఈ ఏడుపు పాటలు ఎక్కువగా మేజర్ స్కేల్‌లో, అంటే మన శంకరాభరణం స్వరాల్లో ఉంటాయి. మన సినిమా పాటకి శివరంజని పట్టగానే కళ్లు చెమ్మగిల్లడం అలవాటు. ఇక్కడ అలాంటి గుర్తు ఉండదు. మూడే మూడు కార్డ్‌లు, స, మ, ప మీద తిరుగుతాయి. అన్నీ ప్రసన్నమైనవే. దుఃఖం రాగంలో ఉండదు, గొంతులో ఉంటుంది, మాటలో ఉంటుంది. రెండు మూడు మగ గొంతులు పై స్థాయిలో, గాంధారం దూరంలో జంటగా నడుస్తాయి. ఆ జంట గొంతుల్లోంచి ఒకటి విడిపోయి ఒంటరిగా పైకి పోయిన చోట ఆగి వినండి, అసలు మాట అక్కడే పడుతుంది.

మాటల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త నెమ్మదిగా పోతాను.

ఫిర్యాదు పిలుపుతో మొదలవుతుంది. పేరు పిలవడం, దాన్ని లాగడం, మళ్లీ పిలవడం. మాటలు తెలియనివాళ్లకి కూడా పేరు దొరుకుతుంది కాబట్టి పాట జనంలోకి పోతుంది. తర్వాత పూర్వ కథ: మనకేమీ లేనప్పుడు కలిసి ఉన్నాం, చిన్న గదిలో ఉన్నాం, ఆకలి పంచుకున్నాం. ఆ పైన మాట ఇవ్వడం. లింగాలలో క్రియ చివర 'అకి' చేరితే జరిగిపోయిన కాలం. 'ఒలొబాకి' అంటే నువ్వు అన్నావు, 'ఒలాకాకి' అంటే నువ్వు మాటిచ్చావు. ఈ రెండు క్రియలు వరసగా వినబడితే సాక్ష్యం చదువుతున్నారని తెలుసుకోవచ్చు. 'నలింగి' అంటే ప్రేమిస్తున్నాను, 'నలింగాకి' అంటే ప్రేమించాను. పాట మొత్తం మొదటి రూపంలో సాగి ఒక్కచోట రెండో రూపానికి మారితే, బంధం తెగింది అక్కడే అని గుర్తు. గాయకుడు ఆ చోట గొంతు పెంచకపోవచ్చు, వాద్యం ఆగకపోవచ్చు. క్రియ చివర మీదే చెవి పెట్టాలి.

ఆ తర్వాత ప్రత్యర్థి వస్తుంది. ఆ మనిషికి లింగాలలో ఒక పేరుంది, మ్బాండా. సవతి నుంచి మొదలుకుని, నా మనిషితో తిరిగే ఇంకెవరైనా మ్బాండాయే. మగవాడికి మగ మ్బాండా కూడా ఉంటాడు. చాలా పాటల్లో నిలదీత వదిలేసిన మొగుడి మీద కంటే మ్బాండా మీద ఎక్కువ వేడిగా పడుతుంది. ఇది న్యాయమా అంటే కాదు, కానీ పాట అలా నడుస్తుంది. మొగుడికి బతిమాలుడు, మ్బాండాకి తిట్లు. జైర్ రోజుల్లో, అంటే అధ్యక్షుడు మొబుటు దేశం పేరు మార్చిన 1971 నుంచి 1997 దాకా, జీతం ఉన్న మగవాళ్లు ఇంకో ఇల్లు నడపడం ఎంత మామూలైందంటే దానికి ఫ్రెంచిలో 'రెండో ఆఫీసు' అని పేరు పడింది. ఆఫీసులో పని ఉందని చెప్పి పోయేది అక్కడికే. పాటల్లో ఆఫీసు మాట రాగానే జనం నవ్వేది ఇందుకే.

చివరికి తీర్పు. బతిమాలడమా, వదిలేయడమా, దేవుడికి అప్పజెప్పడమా, పోటీకి నేనూ ఇంకొకణ్ణి చూసుకోవడమా, ఏదో ఒకటి తేలుతుంది. తేలగానే పల్లవి, పల్లవి మీద సెబెన్. తీర్పు తేలని పాటలూ ఉన్నాయి. అవి ప్రశ్న మీద ఆగి సెబెన్‌లోకి పోతాయి, వినేవాళ్లు నెలల తరబడి బార్లలో వాదించుకుంటారు. బారు అంటే న్గాండా: ఇంటి ముందు నాలుగు కుర్చీలు, బీరు, వేయించిన చేప, స్పీకరు. చాలా న్గాండాలు నడిపేది ఆడవాళ్లు. ఈ పాటలకి మొదటి శ్రోతలు వాళ్లే. పొదుపు చీటీలు వేసుకునే ఆడవాళ్ల సంఘాలు కూడా ఉండేవి, వాటిని మొజికి అంటారు. ఆ సంఘాలు బ్యాండ్లని పోషించేవి, తమ పేరు పాటలో వినిపించాలని కోరేవి. పాట ఎవరి పక్షం మాట్లాడాలో డబ్బు కూడా కొంత తేల్చేది.

ఇప్పుడు గొంతు ఎవరిది అన్న ప్రశ్న. లింగాలలో అతను, ఆమె అన్న తేడా లేదు. రెంటికీ 'యే' ఒక్కటే. క్రియకి ముందు చేరే గుర్తు కూడా ఇద్దరికీ ఒకటే. కాబట్టి మగవాడు పాడుతున్నాడు కదా అని వదిలేసింది ఆడమనిషి అనుకుంటే తప్పుతారు. 'మొబాలి' అంటే మగవాడు, మొగుడు. 'మ్వాసి' అంటే ఆడమనిషి, పెళ్లాం. ఈ రెండు మాటల్లో ఏది వినపడుతుందో చూసుకోండి. మగ గొంతు 'మొబాలి నా న్గాయి', నా మొగుడు, అని పాడితే అక్కడ పాత్ర ఆడమనిషి. ఆ పాటలు కొల్లలు. మగ కవి ఆడమనిషి గొంతుతో నాయకుణ్ణి దెప్పడం క్షేత్రయ్య పదాలు విన్నవాళ్లకి కొత్తేమీ కాదు. తేడా ఏమిటంటే ఇక్కడ నాయకుడు దేవుడు కాదు, ఇంటద్దె కట్టని మనిషి.

దీనికి నిండు ఉదాహరణ ఫ్రాంకో 1985లో తెచ్చిన 'మారియో'. మారియో చదువుకున్న కుర్రాడు. పట్టాలున్నాయి, పనికి పోడు. తనకంటే వయసులో చాలా పెద్దదైన, డబ్బున్న ఆడమనిషి ఇంట్లో ఉంటూ ఆమె సొమ్ము తింటాడు. పాట ఆమె ఫిర్యాదు. ఆ మాటలు పాడింది మాదిలు సిస్టం అనే గాయకుడు, మగ గొంతే. ఆమె విసిగిపోయి ఇంట్లోంచి పొమ్మంటుంది. ఫ్రాంకో మధ్యలో పాడడు, మాట్లాడతాడు, తిడతాడు, వింటున్న కుర్రాళ్లకి బుద్ధి చెబుతాడు. ఇందులో ప్రేమ ద్రోహం అంతా లెక్కల రూపంలో ఉంటుంది: ఎవరి ఇల్లు, ఎవరి బట్టలు, ఎవరి డబ్బు. విరిగిన మనసు గురించి పొడుగు వర్ణన లేదు. నాకు ఇదే ఈ పాట బలం అనిపిస్తుంది. మనసు సంగతి ఎవరైనా కాదనొచ్చు, ఖర్చుల చిట్టా కాదనలేరు. పాట ఎంత పాకిందంటే, ఆడవాళ్ల సొమ్ము మీద బతికే కుర్రాళ్లకి మారియో అన్నది మారుపేరయింది. ఆ పైన ఫ్రాంకో 'మారియో జవాబు' అని ఇంకో పాట తెచ్చాడు. నిందితుడికి కూడా మాట్లాడే వంతు ఇచ్చాడన్నమాట. పాటకి జవాబు పాట రావడం ఇక్కడ మామూలే. ఒక పాట ఒక్కటే విని తీర్పు చెప్పకూడదు.

దానికి ఏడాది ముందు, 1984లో, 'మాము' వచ్చింది. మొగుడు యూరప్‌లో, పెళ్లాం కిన్షాసాలో. ఆమె చాటు వ్యవహారాలకి స్నేహితురాలి పేరు వాడుకుంటుంది, ఆ స్నేహితురాలు ఎదురు తిరుగుతుంది. ఇద్దరు ఆడవాళ్ల తగవు, పాడిందీ మాట్లాడిందీ ఇద్దరు మగవాళ్లు, ఫ్రాంకో, మాదిలు. ఇందులో మోసపోయిన మొగుడు తెర మీదికి రాడు. మోసం ఎలా నడిచిందో చుట్టుపక్కలవాళ్ల నోట బయటపడుతుంది. ఫ్రాంకో పద్ధతి అదే, నేరుగా అనడు, మూడో మనిషి మీద పెట్టి అంటాడు. ఇలా గురి చూసి పక్కకి విసిరే మాటకి లింగాలలో మ్బ్వకేలా అంటారు. మన దెప్పిపొడుపులకి దగ్గర. వినేవాళ్లకి ఎవరిని అంటున్నాడో తెలుస్తుంది, కోర్టుకి మాత్రం చిక్కదు.

అన్నిసార్లూ తప్పించుకోలేదు. 1978లో అశ్లీల పాటలు చేశాడని ఫ్రాంకోనే జైల్లో వేశారు. పాటల మీద సెన్సారు సంఘం ఉండేది. మాయౌలా మయోని అనే కవి, ఒకప్పటి ఫుట్‌బాల్ ఆటగాడు, 'షేరీ బొండోవే' అనే పాట రాశాడు. ఒళ్లమ్ముకునే ఆడమనిషి తన పక్షం తానే చెప్పుకునే పాట. దాన్ని నిషేధించారు. సంసారి ఏడిస్తే అభ్యంతరం లేదు, ఆమె తన బతుకు తాను చెప్పుకుంటే కుదరదన్నారు. అదే కవి 'నబాలి మిజేర్' కూడా రాశాడు. దరిద్రాన్ని పెళ్లాడాను అని అర్థం. దానికి పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఆడవాళ్లు తామే పాడినప్పుడు ఏం మారింది? 1950ల్లోనే లూసీ ఎయెంగా ఉంది, 1970ల్లో అబెటి మసికిని, మ్పోంగో లవ్ వచ్చారు. కానీ ఈ నిలదీతని కొత్త దారి పట్టించింది 1980ల్లో మ్బిలియా బెల్. టాబు లే బ్యాండ్ ఆఫ్రిజాలో ఆమె తొలి పేరు తెచ్చుకున్న పాట 'మ్పేవే యా లోంగో'. పేరు కికాంగో భాషలో, పరిశుద్ధాత్మ అని అర్థం. మొగుడు వదిలేసి పోతే పిల్లల్ని ఒంటరిగా సాకుతున్న తల్లి మొర. జైర్ ఆడవాళ్లు ఆ పాటని తమదనుకున్నారు. 1983లో 'ఎస్వి యో వాపి', ఎక్కడ నొప్పి పుట్టింది నీకు, అని మ్బాండాని ఎద్దేవా చేసే పాట. ఇందులో ఏడుపు లేదు, గెలిచినదాని వెక్కిరింత ఉంది. ఇవి కూడా టాబు లే మాటలేగా అంటారు కొందరు. నిజమే, మగవాడి కలమే. కానీ మాదిలు ఆడమనిషి గొంతు అభినయిస్తే మనం నాటకం వింటాం. మ్బిలియా బెల్ పాడితే ఫలానా మనిషి అన్నట్టు వింటాం. అదే మాట, అదే గిటారు, వినేవాళ్ల పక్షం మారిపోతుంది. 1986లో అబెటి 'నాకు కోపంగా ఉంది' అని ఫ్రెంచిలో పేరు పెట్టి ఒక పాట తెచ్చింది. అప్పటికి బతిమాలే పాటలు విని విని ఉన్నవాళ్లకి ఆ పేరే ఒక వార్త.

ఫ్రాంకో బ్యాండ్‌లోనే సిమారో లుటుంబా ఉన్నాడు, జనం అతన్ని కవి అనే పిలిచేవారు. 2019లో పోయాడు. అతను రాసి సామ్ మాంగ్వానా పాడిన 'ఎబాలే యా జైర్' వినండి. జైర్ నది అని అర్థం, కాంగో నదికే ఆ రోజుల్లో పెట్టిన పేరు. ఫ్రాంకో తగవు పెడితే సిమారో పక్కన కూర్చుని మాట్లాడతాడు. అతని ఫిర్యాదులో తిట్టు ఉండదు. సామెతలు, ఊహలు, చావు గురించి తలపులు ఉంటాయి. అనువాదంలో ఎక్కువ నష్టపోయేది సిమారోయే. ఫ్రాంకోని మాటకి మాట మార్చినా కథ మిగులుతుంది. సిమారోని అలా మారిస్తే నీతివాక్యాలు మిగులుతాయి.

1969 చివర్లో పుట్టిన జైకో లంగా లంగా బ్యాండ్‌తో ఊదే వాద్యాలు తగ్గాయి, సెబెన్ పొడుగైంది. 1980ల్లో అటలాకు అనే అరుపుల గాయకుడు వచ్చాడు. ఆట భాగంలో గాయకుల మీదుగా కేకలు వేస్తూ అడుగులు చెబుతాడు. కథ భాగం కుంచించుకుపోయింది. కొందరు దీన్నే పతనం అంటారు. నేను అంత దూరం పోను. పాపా వెంబా, కొఫీ ఒలొమిదే లాంటివాళ్లు నెమ్మది పాటని వదల్లేదు. ఆ తర్వాతి తరంలో ఫెర్రే గోలా, ఫాలీ ఇపుపా దగ్గర నెమ్మది భాగం మళ్లీ పొడుగైంది. ఫాలీ తొలి సోలో ఆల్బం 2006లో వచ్చింది, ఫెర్రేదీ ఆ ఏడాదే. అప్పటికి కథలోకి వీసా వచ్చింది, ఫోను వచ్చింది, యూరప్‌కి పోయి తిరిగి రానివాడు వచ్చాడు. 1997లో జేబీ మ్పియానా తన ఆల్బంకి పెట్టిన పేరు, ఫ్రెంచి టీవీలో వచ్చే ఒక అమెరికా సీరియల్ పేరు, ప్రేమ మంటలు. సీరియల్‌లో చూసే తగవు, పాటలో వినే తగవు ఒకటే కుదుట్లోవి. అదే సమయంలో ప్రార్థన సంఘాలు పెరిగి ఇలాంటి పాటల్ని లోకపు పాటలని వేరు పెట్టాయి. అయినా భక్తి పాట కట్టేవాళ్లు వాడింది ఇదే కట్టుబడి: మనుషులంతా వదిలేశారు, వదలనివాడు ఒక్కడే.

ఇక వినేటప్పుడు జరిగే పొరపాట్లు. కొన్ని ఇంతకుముందే చెప్పాను, పెద్దవి రెండు మూడు మిగిలాయి.

మొదటిది పేర్లు. 1990ల నుంచి వచ్చిన పాట ఏది విన్నా అందులో డజన్ల కొద్దీ మనుషుల పేర్లు దొర్లుతాయి. కొత్తగా వినేవాళ్లు అవన్నీ ప్రేయసుల పేర్లనుకుని కథ అల్లేస్తారు. అవి చాలామటుకు డబ్బిచ్చి చెప్పించుకున్న పేర్లు. దీన్ని లిబాంగా అంటారు, రాయి విసరడం. వ్యాపారి పేరు, ప్యారిస్‌లో ఉన్న మిత్రుడి పేరు, అధికారి పేరు. ఒక్కోసారి పాట శీర్షికే ఎవరో పోషకుడి పేరు. ఎలా వేరు చేయాలి? పల్లవిలో తిరిగి తిరిగి వచ్చి, వెంట 'యో', అంటే నువ్వు, ఉన్న పేరు కథలో మనిషి. ఒక్కసారి వచ్చి, వెంటనే ఊరి పేరో ఇంకో మనిషి పేరో తగిలించుకుని పోయేది లిబాంగా. వాద్యం మీదుగా మాటలాగా పడితే దాదాపు ఖాయం. ఎప్పుడూ తేలదు, ఎందుకంటే పోషకుడే తన ప్రేమ కథ పాట చేయించుకున్న సందర్భాలూ ఉన్నాయి.

రెండోది ఏ ముక్క వింటున్నాం అన్నది. పాత 45 రికార్డుల నుంచి తీసిన పాటలు ఇంటర్నెట్‌లో సగమే ఉంటాయి. కొన్నిచోట్ల మొదటి వైపు, కొన్నిచోట్ల రెండోది. పాట మూడు, నాలుగు నిమిషాలకే సన్నగిల్లి ఆగిపోతే రెండో సగం కోసం వెతకండి. గిటార్ ముందుమాట లేకుండా నేరుగా ఆటలోకి దిగితే మొదటి సగం పోయిందని అర్థం. వంతెన కట్టకుండా రెండు వైపుల్ని అతికించినవి కూడా ఉంటాయి, మధ్యలో శబ్దం ఒక్కసారి తగ్గి పెరుగుతుంది.

మూడోది, మాటల ప్రతులు. అభిమానులు చెవితో విని రాసినవే ఎక్కువ. కిన్షాసా లింగాల పుస్తక లింగాల కాదు. మధ్యలో ఫ్రెంచి ధారాళంగా వస్తుంది, మనం తెలుగు మధ్య బ్రేకప్ అన్నట్టే. యంత్ర అనువాదం ఈ కలగలుపు దగ్గర తడబడుతుంది, 'యే'ని తోచినట్టు అతను అనో ఆమె అనో మార్చేస్తుంది, దాంతో మోసం చేసినవాళ్లు మోసపోయినవాళ్లు తారుమారు. ప్రతి దొరికితే ముందు దాంట్లో మొబాలి, మ్వాసి, మ్బాండా ఎక్కడున్నాయో గీత గీసుకోండి. ఆ తర్వాత 'అకి'తో ముగిసే క్రియలు. పిన్జోలి అంటే కన్నీళ్లు, మావా అంటే జాలి, దుఃఖం. జువా అంటే అసూయ, లొకుటా అంటే అబద్ధం, లిబాలా అంటే పెళ్లి, బొకిలో అంటే వియ్యపు వారు, అత్తవారు. ఈ తొమ్మిది మాటలతో సగం పాటల్లో ఎవరు ఎవరిమీద ఫిర్యాదు చేస్తున్నారో తేల్చుకోవచ్చు. మిగతా సగానికి లింగాల తెలిసిన మనిషి కావాలి.

ఇప్పుడు 'మారియో' పెడుతున్నాను. దాదాపు 14 నిమిషాలు, ఆపను. మొదట పేరు పిలుపు వస్తుంది, తర్వాత మాదిలు గొంతు విడిగా, తర్వాత జంట గొంతుల పల్లవి. లావుగా, పాడకుండా మాట్లాడుతున్న గొంతు ఫ్రాంకోది. ఆ మాటల వెనక గిటార్లు ఒక్కసారి కూడా ఆగవు, గమనించండి. సెబెన్ మొదలయ్యాక ఎవరికైనా లేవాలనిపిస్తే లేవండి, వెనక వరసలో కుర్చీలు జరిపి పెట్టాం.